తెల్లవారుజాము ఎంట్రీలు ముందు రోజు లెక్కలోకి ఎందుకు పోతున్నాయి?

మీరు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ గురించి అడిగినవి రెండు: తెల్లవారుజాము ఎంట్రీలు ముందు రోజు తేదీతో కనిపిస్తున్నాయి, నెల రిపోర్టులో 31వ తేదీ ఖాళీగా వస్తోంది. ఇవి రెండు వేర్వేరు తప్పులు. ఒకే మందుతో రెండూ నయం కావు.

మొదటిది నాకు పర్లాకిమిడిలో ఎదురైంది. అక్కడ ఒక పాల కేంద్రానికి లెక్కల ప్రోగ్రాం రాశాను. పదిహేను రోజులకోసారి చెల్లింపు. ఒక పెద్దాయన చీటీ తెచ్చి, "బాబూ, పదహారో తేదీ పోసిన పాలు పాత బిల్లులో కలిపేశారు" అన్నారు. చీటీ మీద ఉదయం 5:10 అని ఉంది. డేటాబేస్‌లో అదే ఎంట్రీ 15వ తేదీ 23:40. ఆయన వెనకే 5:40కి పోసిన ఆవిడది మాత్రం 16వ తేదీ 00:10. తేదీ మారుతున్నది అర్ధరాత్రి కాదు, మన 5:30కి! సర్వర్ గడియారం యూటీసీలో (మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోందని అప్పుడు అర్థమైంది. మీ ఎంట్రీలు కూడా 5:30 దగ్గరే విడిపోతున్నాయేమో ముందు చూడండి.

తరువాత ఆ సమయాన్ని దాచే కాలమ్ రకం చూడండి: టైమ్‌స్టాంపా, డేట్‌టైమా అని. ఇదే అసలు కీలకం. టైమ్‌స్టాంప్ అయితే లోపల యూటీసీలోనే ఉంటుంది. కనెక్షన్ తెరవగానే, ఆ కనెక్షన్ వరకే వర్తించే సెషన్ టైమ్‌జోన్‌ను '+05:30' చేస్తే పాత ఎంట్రీలు కూడా సరిగ్గా కనిపిస్తాయి. డేట్‌టైమ్ అయితే ఇచ్చిన అంకెలనే దాచుకుంటుంది. సెటింగ్ ఒక్కటే మారిస్తే కొత్తవి మన సమయంలో, పాతవి యూటీసీలో కలిసిపోతాయి. ఆ తర్వాత ఏది ఏదో చెప్పడం చాలా కష్టం. పర్లాకిమిడిలో ఉన్నది డేట్‌టైమ్ కాలమే. అందుకే ఆ రాత్రి కేంద్రం మూసిన తర్వాత బ్యాకప్ తీసుకుని, పాత వరుసలన్నిటికీ ఒక్కసారే 5 గంటల 30 నిమిషాలు కలిపి, అప్పుడు సెటింగ్ మార్చాను. దయచేసి రిపోర్టు క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) మాత్రం ఆ సమయం కలపకండి. రేపు ఇంకొకరు ఇంకో రిపోర్టు రాస్తారు, వారికి ఈ సంగతి తెలియదు.

'ఆసియా/కోల్‌కతా' అని పేరు ఇస్తే ఎర్రర్ వచ్చిందంటే, సర్వర్‌లో టైమ్‌జోన్ పట్టికలు ఎక్కించలేదని అర్థం. మన దేశంలో వేసవికి గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి '+05:30' చాలు.

ఇక 31వ తేదీ సంగతి. రెండు తేదీల మధ్య ఎంట్రీలను అడగడానికి క్వెరీలో వాడే మాట బిట్వీన్. బిట్వీన్‌లో చివర '2025-03-31' అని రాస్తే అది ఆ రోజు 00:00:00 వరకే. ఆ రోజు ఉదయం, సాయంత్రం పోసిన పాలన్నీ బయటే ఉండిపోతాయి. చాలామంది 23:59:59 చేరుస్తారు, సెకను భిన్నాలు దాచే కాలమ్‌లో అదీ చాలదు. '2025-03-01' లేదా ఆపైన, '2025-04-01' కంటే తక్కువ అని రాయండి. కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టినా జవాబు సరిగ్గానే వస్తుంది కానీ, ఆ కాలమ్ మీది మామూలు ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఉపయోగపడదు.

ముందు మీ కాలమ్ ఏ రకమో రాయండి, క్వెరీ కూడా పెట్టండి. చూసి చెబుతాను.