వాన వెలిసేదాకా ఉండాల్సింది

చి. బుజ్జికి,
పెదనాన్న ఆశీస్సులు.

పిట్టలు చూద్దామని కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్లి, వాన దెబ్బకి తొమ్మిదింటికల్లా తిరుగుముఖం పట్టారని మీ అమ్మ చెప్పింది. వాన సంగతి సరే, అంత తొందరపడి వచ్చేయడమే నాకు నచ్చలేదు.

మామూలు వానైతే ఏ బడ్డీ కొట్టు చూరు కిందో టీ తాగుతూ కూర్చోవాలి. జోరు వానలో పక్షులూ ముడుచుకునే ఉంటాయి. వెలిశాక చూడాలి వాటి సందడి! ఆకలి మీద ఉంటాయి కదా, ఒక్కసారిగా బయటికొస్తాయి. నేలలోంచి ఉసుళ్లు లేచాయంటే ఇక పండగే. తోక చీలిన నల్ల ఏట్రింత తీగ మీంచి దూకి, గాల్లోనే ఒకదాన్ని పట్టి, మళ్లీ వచ్చి ఆ తీగ మీదే వాలుతుంది. నీటికాకి అయితే రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటూ నిలబడుతుంది. తీరిగ్గా చూసుకోవచ్చు.

ఉరుములు, ఈదురుగాలి మొదలైతే మాత్రం ఆగొద్దు. తాటి దోనె ఎక్కొద్దు, చెట్టు కింద నిలబడొద్దు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకో, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం ఉందని జాలర్లని వేటకి వెళ్లొద్దన్నారంటే, ఆ ఆదివారం ఇంట్లోనే. 2014లో హుద్‌హుద్ తుఫాను కంబాలకొండ అడవిలో చెట్లని ఏం చేసిందో మీ నాన్నని అడుగు.

బైనాక్యులర్ తడిసిందటగా. చొక్కా అంచుతో తుడవకు, ఇసుక రేణువు ఒక్కటున్నా అద్దం మీద గీత పడుతుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తర్వాత మెత్తటి లెన్స్ గుడ్డ వాడు. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు, వినకు. తవుడు సందుల్లోకి పోతుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టు. మన విశాఖ ఉక్కకి అద్దాల లోపల బూజు పట్టిందంటే చేతి చమురు వదులుతుంది. ఏసీ గదిలోంచి తీశాక కాసేపు బ్యాగులోనే ఉంచు, లేకపోతే ఆవిరి పట్టేస్తుంది.

మబ్బు పట్టిన రోజు అంత దూరం ఎందుకు? ముడసర్లోవ రిజర్వాయరు చాలు, వాన ముంచుకొచ్చినా ఇల్లు దగ్గరే. వలస పక్షుల కోసమైతే డిసెంబరు, జనవరి నెలలు చూసుకో. నోట్సు పెన్సిల్‌తో రాయి, తడిసినా చెరగదు. గొడుగు మాత్రం వద్దు, ఠప్పున తెరిస్తే పిట్టలు లేచిపోతాయి. నా పచ్చ రెయిన్‌కోటు ఇక్కడ ఖాళీగానే పడుంది, శనివారం వచ్చి పట్టుకెళ్లు.

ఇట్లు,
పెదనాన్న