అమలాపురం నుంచి మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) ఫ్లైటుకి ఎన్నింటికి బయల్దేరాలి? క్యూలు, పార్కింగ్ నిజంగా అంత తిప్పలా?

మీరడిగింది ఇదీ: సంక్రాంతి అయిపోయాక జనవరి 17న పొద్దున్న పదకొండింటికి ఫ్లైటు. డెబ్బై దాటిన అమ్మగారు, మూడు పెట్టెలు. ఇంట్లోంచి ఎన్నింటికి కదలాలి, సొంత కారు పార్కింగ్‌లో పెట్టుకుని లోపలిదాకా దిగబెట్టి రావచ్చా అని. మీ ప్రశ్నకి ఇప్పటికే ఇద్దరు "రెండు గంటలు చాలు" అని జవాబు రాశారు. వాళ్ళు ఏ ఆగస్టులోనో మంగళవారం నాడు వెళ్ళుంటారండి.

పొద్దున్న ఆరింటికల్లా కారు కదలాలి. నా సమాధానం ఇంతే. ఎందుకో చదివే ఓపికుంటే కింద రాశాను.

నేను కొత్తపేట దగ్గర కిరాయి కారు తోలుతాను. పన్నెండేళ్ళయింది. మధురపూడి, గన్నవరం, విశాఖ, ఒక్కోసారి శంషాబాద్ కూడా. ఎయిర్‌పోర్టు బేరం అంటే డ్రైవర్లందరికీ ఇష్టమే, పండగ మర్నాడు వచ్చే ఎయిర్‌పోర్టు బేరం అంటే మాత్రం నాకు ముందురోజు రాత్రి నిద్ర పట్టదు.

ముందు దారి సంగతి. మీరు అమలాపురంలో ఎక్కి కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చి హైవే ఎక్కుతారు. అక్కడ గౌతమి వంతెన దాటితే జొన్నాడ. తర్వాత కడియపులంక, వేమగిరి, మోరంపూడి, లాలాచెరువు. అక్కణ్ణుంచి కోరుకొండ రోడ్డు పట్టుకోవాలి. రాజమండ్రి ఊళ్ళోకి వెళ్ళడంతో పని అయిపోదు, ఎయిర్‌పోర్టు ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ ముక్క చాలామంది లెక్కలో వెయ్యరు. "రాజమండ్రి గంటన్నర" అని లెక్కేసుకుంటారు, లాలాచెరువు దగ్గరకొచ్చాక వాచీ చూసుకుని నా వీపు మీద తడతారు, "కొంచెం తొక్కు బాబూ" అని.

మామూలు రోజైతే మొత్తం రెండు గంటలు, రెండుంపావు. పండగ తర్వాత ఆ రెండు గంటలకి తోడు ఇంకో ముప్పావు గంట ఒక్క రావులపాలెం దగ్గరే పోవచ్చు. ఓ పక్క అరటి మార్కెట్‌కి గెలల లోడుతో వచ్చే బళ్ళు, ఇంకో పక్క హైదరాబాద్ తిరుగు ప్రయాణం కార్లు, మధ్యలో బస్సులు. అది దాటి ఊపిరి పీల్చుకుంటే మొక్కల నర్సరీల కడియపులంక. ఊరెళ్ళేవాళ్ళందరికీ సరిగ్గా అక్కడే మొక్కలు గుర్తొస్తాయండి. హైవే అంచున కార్లు ఆపేసి గులాబీ అంటు, మందారం అంటు బేరమాడుతుంటారు. వెనకాల ఒకడు ఫ్లైటుకి పరిగెడుతున్నాడని వాళ్ళకేం తెలుసు. నేనూ ఆపాను లెండి, మా ఆవిడ కోసం, కాకపోతే ఆరోజు బేరం లేదు.

జొన్నాడ దగ్గర బిగుసుకుపోయిందని ఫోన్లో తెలిస్తే ఇంకో దారుంది. రావులపాలెం నుంచి లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కొచ్చు. రోడ్డు సన్నం, కానీ కదులుతుంది. వర్షాకాలంలో మాత్రం ఆ దారిని నమ్ముకోవద్దు. ఆ రోజుల్లో గోదారి చూడ్డానికొచ్చిన జనమే బ్యారేజీ మీద సగం ట్రాఫిక్. మీది జనవరి కాబట్టి ఆ బాధ లేదు. దానికి బదులు మంచు. తెల్లారగట్ట లంకల్లో పొగమంచు పడితే ముందున్న లారీ ఎర్రలైటు తప్ప ఏమీ కనపడదు. ఆ మంచుకే పొద్దున్న ఫ్లైట్లు ఆలస్యమవుతుంటాయి. అలాగని "ఎలాగూ ఆలస్యమేగా" అని ఇంట్లో ఇంకో కాఫీ తాగకండి. ఫ్లైటు ఆలస్యమైనా, చెకిన్ కౌంటర్‌ని టికెట్ మీదున్న టైము ప్రకారమే మూసేస్తే మీరు బయటే ఉండిపోతారు.

పోయిన పండక్కి నా కళ్ళముందు జరిగింది చెప్తాను. మా ఊరి మాస్టారు ఒకాయన, రిటైరయ్యారు. కూతురు, మూడేళ్ళ మనవరాలు బెంగళూరు వెళ్ళాలి. ఫ్లైటు 11.20కి. నన్ను ఏడింటికి రమ్మన్నారు, ఆరూ యాభైకే గుమ్మం ముందు ఉన్నాను. పెట్టెలు డిక్కీలో సర్దేశాను. ఎవరూ బయటకి రారు. ఏటంటే, మామ్మగారు పంచాంగం చూసి వర్జ్యం ఏడూముప్పావుదాకా ఉందన్నారు. సరే, వర్జ్యం పోయేలోపు కూతురు పెట్టె మళ్ళీ విప్పారు, ఇంకో సంచీ దూర్చారు. ప్రయాణం ఇద్దరిది, బయల్దేరింది రెండు కార్లలో తొమ్మిదిమంది. ఏడూ యాభై ఐదుకి కదిలాం.

రావులపాలెంలో ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. ఎయిర్‌పోర్టు గేటు దాటేసరికి 10.05. కౌంటర్ ఫ్లైటుకి గంట ముందు మూసేస్తారు, అంటే 10.20కి. చేతిలో ఉన్నది పావుగంట. డ్రాపింగ్ దగ్గర రెండు కార్లూ ఆపాం, తొమ్మిదిమందీ దిగారు. మామ్మగారు బొట్టు భరిణె తీశారు. మనవరాలు తాత మెడ వదలదు. వెనకాల కారువాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు, వాడిదీ అదే ఫ్లైటేమో పాపం. ఏడు నిమిషాలు అక్కడే అయిపోయాయి.

లోపలికెళ్ళిన రెండు నిమిషాలకి మాస్టారి కూతురి దగ్గర్నుంచి నాకు ఫోను. "అన్నా, గేటు దగ్గరకి రా, పెట్టెలోది తీసేయమంటున్నారు." స్కానింగ్‌లో పెట్టె ఆపేశారు. విప్పి చూస్తే వర్జ్యం టైములో దూర్చిన సంచీ. అందులో మూడు కిలోల కురిడీలు. కొంతమందికి ఇది ఇప్పటికీ తెలియదు: ఎండు కొబ్బరి విమానంలో పనికిరాదు. చేతి సంచీలోనూ కాదు, లగేజీలో వేసే పెట్టెలోనూ కాదు. నూనె ఎక్కువ ఉంటుంది, అంటుకునే సరుకు కింద లెక్క. 2022 నుంచి లగేజీ పెట్టెలో కూడా వద్దన్నారు. కోనసీమవాళ్ళకి చుట్టాలింటికి కొబ్బరి లేకుండా వెళ్ళడం అంటే ఉత్తచేతులతో వెళ్ళినట్టే, అందుకే ప్రతి పండక్కీ స్కానింగ్ దగ్గర ఇదే గొడవ. ఆ అమ్మాయి ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో ఆ సంచీ గేటు అవతలనించి అందించి, తిరిగి పరిగెత్తింది. సంచీ తీసుకున్నాక వాచీ చూశాను, 10.18.

ఫ్లైటు దొరికింది లెండి. తప్పు ఎవరిదీ అనను, అక్కడివాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. కురిడీలు మాస్టారు నన్నే ఉంచుకోమన్నారు. నెలరోజులు మా ఇంట్లో కొబ్బరి కారమే.

కొబ్బరి మాటొచ్చింది కాబట్టి, మాల వేసుకునేవాళ్ళకి ఒక ముక్క. ఇరుముడిలోని కొబ్బరికాయని దగ్గర పెట్టుకుని విమానం ఎక్కడానికి 2024 అక్టోబరు చివర్లో అనుమతి ఇచ్చారు, 2025 జనవరి 20 వరకే. ఏ ఏటికాయేడు కనుక్కుని వెళ్ళండి, పోయినేడు పంపారుగా అని వాదనకి దిగితే వెనక క్యూ పెరుగుతుంది. ఆవకాయ, నెయ్యి లాంటివి లగేజీ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి. పూతరేకుల డబ్బా చేత్తో పట్టుకోండి, పెట్టెలో వేస్తే బెంగళూరులో పొడి తింటారు.

మరి లోపల క్యూ ఎందుకంత అంటే, అదొకటి అర్థం చేసుకోవాలండి. ఒకప్పుడు మధురపూడికి వచ్చేవి చిన్న ఏటీఆర్ విమానాలు, డెబ్బై ఎనభై సీట్లు. రన్‌వే 1,749 మీటర్ల నుంచి 3,165 మీటర్లకి పెంచారు కాబట్టి ఇప్పుడు పెద్ద ఎయిర్‌బస్‌లు దిగుతున్నాయి. 2024 డిసెంబరులో ముంబయికీ ఢిల్లీకీ నేరుగా ఫ్లైట్లు మొదలయ్యాయి. అంటే ఒక్క విమానానికే నూట ఎనభై మంది. రెండు ఫ్లైట్లు అరగంట తేడాలో ఉంటే ఆ అరగంటలో హాలు కిక్కిరిసిపోతుంది, అవి వెళ్ళిపోయాక చూస్తే బోసిగా ఉంటుంది. కొత్త టెర్మినల్‌కి 2023 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. అది వాడుకలోకి వచ్చాక ఈ పేరా కొట్టేసుకోండి. అందుకే క్యూ సంగతి ఊహించాలంటే మీ ఫ్లైటు ఒక్కటే చూస్తే చాలదు, దానికి ముందూ వెనకా గంటలో ఇంకేం ఎగురుతున్నాయో చూడండి. వెబ్ చెకిన్ ముందురోజే చేసుకున్నా, పెట్టెలు వేసేవాళ్ళకి కౌంటర్ క్యూ తప్పదు. ఒక్క చేతి సంచీతో ఏడు కిలోల్లోపు వెళ్ళేవాడికే ఆ సుఖం.

ఇక పార్కింగ్. దీని మీద నాకు కొంచెం కడుపుమంట ఉంది, ముందే చెప్తున్నా. ఒక ఎయిర్‌పోర్టులో, పేరు అనవసరం, లోపలికెళ్ళేటప్పుడు చీటీ ఇచ్చారు. చీటీ మీద టైము పడుతుంది, రాసిన నిమిషాల్లోపు దింపి బయటకొచ్చేస్తే డబ్బుల్లేవు. నేను దింపి వెంటనే తిరిగాను. బయట గేటు దగ్గర కుర్రాడు "రెండు నిమిషాలు ఎక్కువైంది, డబ్బులు కట్టండి" అన్నాడు. నా ఫోన్లో చూస్తే ఇంకా రెండు నిమిషాలు ఉంది. ఆ మెషీన్ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది! వాడికి చెప్తే "మెషీన్ చూపించిందే లెక్క" అన్నాడు. కడదామంటే స్కానర్ పనిచెయ్యదు, ఐదొందల కాగితానికి చిల్లర లేదు. నా వెనక ఎనిమిది కార్లు. ఆఖరికి వెనక కారులోంచి ఓ పెద్దాయన దిగి, నా తరఫున ఆయనే కట్టేసి, "నీ న్యాయం రేపు చూసుకుందాం, నాకు విజయవాడలో పెళ్ళుంది" అన్నాడు. సిగ్గేసింది. ముందు డాబా దగ్గర ఆయన్ని ఆపి డబ్బులిచ్చేశాను.

అప్పట్నుంచి చీటీ చేతికి రాగానే దాన్ని ఫోన్ పక్కన పెట్టి, రెండు టైములూ కనపడేలా ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తాను. నాలుగు నిమిషాల తేడా గురించి మాట్లాడాలంటే ఆధారం కావాలి. ఇప్పటిదాకా రెండుసార్లు పనికొచ్చింది.

మీరు డ్రాప్ చేసి వచ్చెయ్యదలుచుకుంటే ఇంట్లోనే అన్ని పనులూ ముగించండి, దణ్ణాలూ బొట్లూ అక్షింతలూ అన్నీ. లేదూ, అమ్మగారిని లోపలికి పంపేదాకా కాసేపు ఉంటామంటారా, అప్పుడు డ్రాపింగ్ వరుసలోకి వెళ్ళకుండా నేరుగా పార్కింగ్‌లోకే వెళ్ళి డబ్బు కట్టి నింపాదిగా ఉండండి. రెండిట్లో ఏదీ కాకుండా వరుసలో కారు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, "ఒక్క నిమిషం" అనేవాళ్ళ వల్లే సగం జామ్. మిగతా సగం మా డ్రైవర్ల వల్ల, ఒప్పుకుంటాను. దిగేవాళ్ళ కోసం వచ్చినప్పుడు పార్కింగ్ డబ్బులు మిగుల్తాయని బయట రోడ్డు పక్కనే వరుసగా ఆపుతాం. రోడ్డు సగానికి సగం తగ్గిపోతుంది. నేనూ ఆ వరుసలో ఉన్నవాణ్ణే.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. విమానం నేలకి తగలగానే "దిగాం, వచ్చెయ్" అని ఫోన్ చేస్తారు అందరూ. ఆ మాట విని గేట్లోకి వెళ్తే చీటీ టైము మొత్తం బెల్టు దగ్గర పెట్టె రావడానికే అయిపోతుంది. పెట్టె చేతికొచ్చాక చెయ్యమనండి.

అమ్మగారికి నడవడం కష్టమైతే వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగండి, అక్కడికెళ్ళాక అడిగితే దొరికినప్పుడే దొరికినట్టు. ఆధార్ కార్డు అమ్మగారి చేతి సంచీలోనే ఉంచండి. మా బేరాల్లో కొత్తపేట నుంచి వెనక్కి తిరిగినవి రెండున్నాయి, రెండూ ఆధార్ లగేజీ పెట్టెలో ఉందో ఇంట్లో ఉందో తేలకే.

పదిహేడో తారీకు వర్జ్యం ఎన్నింటికో మాత్రం మీరే చూసుకోవాలి. ఆరింటికి కుదరకపోతే ఐదున్నరకి బయల్దేరండి, ఆరున్నరకి మాత్రం వద్దు.