బోర్డు మీద ఒత్తులు చదవగలుగుతున్నారా?

ప్రకటనల బోర్డుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, కడపలో మూడు దశాబ్దాలకు పైగా బోర్డులు రాసి, కట్టి, నడిపిన మా శీర్షిక రచయిత జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారు గోడల మీద ప్రకటనలు రాసేవారు. నేను ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణం నడుపుతున్నాను. ఇప్పుడు అప్పు చేసి కూడలిలో ఎల్‌ఈడీ తెర పెట్టాలనుకుంటున్నాను. వెడల్పు పన్నెండున్నర అడుగులు, ఎత్తు ఆరు అడుగుల పైచిలుకు. పీ10 రకం తెర చాలని అమ్మేవారు అంటున్నారు. ఈ వ్యాపారానికి భవిష్యత్తు ఉందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఉంది. అయితే తెర కొనేముందు మీ నాన్నగారిని ఆ కూడలికి తీసుకెళ్లండి.

నేను 1988లో కడపలో బ్రష్షు పట్టాను. మొదటి నెలంతా మా గురువు నన్ను రంగు ముట్టనివ్వలేదు. సుద్ద దారంతో గోడ మీద గీతలు కొట్టించి మూడు పట్టీలు చేయించేవారు. నడుమ అక్షరం, పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఒక్క పట్టీ చాలు, తెలుగుకు మూడూ కావాలి. దుకాణాల ముందు ఎర్రగా పరుగెత్తే చిన్న బోర్డులు చూడండి. ఒక పీ10 మాడ్యూలులో, అంటే తెరను కట్టే ఒక్కో పలకలో, నిలువునా 16 వెలుగు చుక్కలే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం ఏడు చుక్కల ఎత్తులో ఇమిడిపోతుంది. ‘వస్త్రాలయం’ అని రాయబోతే త ఒత్తు, ర ఒత్తు ఒకదానిలో ఒకటి కలిసి మరకగా మారతాయి. డబ్బు పెట్టి తన పేరును తానే చదవలేని యజమానులను చూసి నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

పీ10 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. మీ కొలతకు 320 × 160 మి.మీ. మాడ్యూళ్లు అడ్డంగా 12, నిలువుగా 12, మొత్తం 144 పడతాయి. చుక్కలు 384 × 192. పీ5 అయితే 768 × 384, అంటే నాలుగు రెట్లు. చుక్కల దూరం ఎన్ని మిల్లీమీటర్లో, చూసేవారు కనీసం అన్ని మీటర్ల దూరంలో ఉండాలన్నది మా పనివాళ్ల మోటు లెక్క. ఇరుకు వీధిలో ఆరేడు మీటర్ల దూరం నుంచి చూసేచోట పీ10 పెడితే బంగారు హారం గవ్వల దండలా కనిపిస్తుంది. విశాలమైన కూడలిలో మేడ మీద పెడితే అదే పీ10 నిక్షేపంగా సరిపోతుంది. ఎక్కడ నిలబడితే ఎంత అక్షరం అందుతుందో గోడలు రాసినవారి కంటికి తెలుసు. నాన్నగారిని వెంట తీసుకెళ్లమన్నది అందుకే.

ఇక రాబడి. ఒక్కో ప్రకటనకు పది సెకన్లు ఇస్తే నిమిషంలో ఆరుగురి ప్రకటనలు పడతాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా నడిపితే ఒక్కొక్కరి ప్రకటన రోజుకు 960 సార్లు వస్తుంది. ఈ అంకె చూపి అమ్మడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. కూడలిని ఇరవై సెకన్లలో దాటిపోయే బండి మనిషికి కనిపించేవి రెండే. సిగ్నలు దగ్గర, బస్సు కోసం ఆగే చోట జనం నిలబడతారు, తెర అక్కడుండాలి. మలుపులో వద్దు, బండి నడిపేవారి చూపు లాగే చోట అసలు వద్దు. రోడ్డు మీది తెరలో నేను కదిలే బొమ్మలు వేయను, నిలకడగా ఉండే బొమ్మలే వేస్తాను.

పడమటి ఎండ సూటిగా తగిలే గోడను వదిలేయండి. సాయంత్రం తెర వెలవెలబోతుంది. నా మొదటి బోర్డుకు మే నెలలో వారం తిరగకుండా మూడు పవర్ సప్లైలు కాలిపోయాయి. వెనుక గాలి ఆడే చోటు లేకపోవడమే కారణం. ఫ్యాన్లు, ఎర్తింగు, విడి మాడ్యూళ్లు అప్పు లెక్కలో మొదటే వేసుకోండి.

2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించినప్పుడు మన జిల్లాలోని ప్రింటింగ్ దుకాణాలవారు ఎంత కలవరపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క పని మీదే బతుకు పెట్టుకోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. తెర ఇచ్చే అసలు బలం, ప్రకటనను గంటగంటకూ మార్చగలగడం. టిఫిన్ల దుకాణానికి ఉదయం మాత్రమే అమ్మండి, బట్టల దుకాణానికి దసరా రోజుల సాయంత్రాలు అమ్మండి. నెల ధర పెట్టుకోలేని చిన్న వ్యాపారి గంట ధరకు వస్తాడు. మీ ఊళ్లో పెరుగుదల అక్కడినుంచే వస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: మా ఇంటి ఎదుట కొత్త తెర వెలిసింది. రాత్రి పదకొండైనా పడకగదిలో వెలుగే. పిల్లలకు నిద్ర లేదు. ఏమి చేయాలి?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, తప్పు తెర నడిపేవారిదే. ఎండలో కనబడాలంటే బయటి తెరకు సుమారు 5,000 నిట్ల వెలుగు కావాలి (తెర వెలుగును కొలిచే ప్రమాణం నిట్). ఇంట్లో టీవీకి కొన్ని వందలు చాలు. పగటి వెలుగునే రాత్రీ వదిలేస్తే మీ గదిలో దీపం పెట్టినట్టే. పదో వంతుకు తగ్గించినా బోర్డు హాయిగా చదవవచ్చు. తెరను నడిపే కంట్రోలరులో వేళలు పెడితే వెలుగు తనంతట తానే తగ్గుతుంది, రూపాయి ఖర్చు లేదు. ముందు యజమానికి ఈ మాట చెప్పండి. వినకపోతే ఇరుగుపొరుగుతో కలిసి నగరపాలక కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2007లో బయటి ప్రకటనలన్నీ తీయించేసింది. జనాన్ని విసిగిస్తే మనకూ ఆ రోజు వస్తుందని నా తోటి వ్యాపారులకు చెబుతూనే ఉన్నాను.

ప్రశ్న: రాజ్‌విహార్ దగ్గర మా పాత మేడ మీద తెర పెడతామని అద్దె ఇవ్వజూపుతున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, నగరపాలక సంస్థ అనుమతి చేతికి రాకుండా ఒప్పుకోవద్దు. 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో ఈదురుగాలికి హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. ఫ్లెక్సీకి గాలి పోయేలా కోతలు పెట్టుకోవచ్చు, చినిగినా ఆ షీటే పోతుంది. ఎల్‌ఈడీ తెర అలా కాదు, గాలిని మొత్తం ఛాతీతో ఆపుతుంది. మన దగ్గరా వేసవి చివర గాలివానలు తెలిసినవే. ఇంజినీరు ఫీజు తెర పెట్టేవారే భరించాలని ఒప్పందంలో రాయించుకోండి. ఏటా ఏప్రిల్‌లో బోల్టులు, వెల్డింగు తనిఖీ చేయించే బాధ్యత కూడా వారిదేనని అందులోనే చేర్పించండి.