మీ ప్రశ్నలు – లయ మీద: జెఫ్ మిల్స్ చేతులు

ప్రశ్న: సార్, పోయిన సంచికలో జెఫ్ మిల్స్ అనే అమెరికన్ టెక్నో (మెషీన్లతో కట్టే డ్యాన్స్ సంగీతం) కళాకారుణ్ణి మీరు ‘గొప్ప వాద్యకారుడు’ అన్నారు. బటన్ నొక్కితే మెషీనే మోగుతుంది కదా. ఇందులో ఆయన వాయించేదేముంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నేను మృదంగం వాయించేవాణ్ణి. ఎవరి కచేరీకి వెళ్లినా నా చూపు ముందు చేతుల మీదకే పోతుంది. మిల్స్ వీడియోలూ అలాగే చూశాను. ఆయన ముందుండేది రోలాండ్ కంపెనీ 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ మెషీన్. దాని కింది వైపు వరుసగా 16 బటన్లుంటాయి. నాలుగు దెబ్బల ఆవృత్తిని 16 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో బటన్ ఇచ్చారన్నమాట. చాలామంది స్టూడియోలో తీరిగ్గా కూర్చుని ఆ బటన్లు నింపుకుంటారు. మిల్స్ మాత్రం మెషీన్ నడుస్తుండగానే, జనం ముందు నింపుతారు. కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ) తీసేస్తారు, హై-హ్యాట్ (సన్నని తాళాల చప్పుడు) పెంచుతారు, ఒక దెబ్బను పక్క గడిలోకి జరుపుతారు. తప్పు బటన్ పడిందా, రెండు సెకన్లు తిరక్కుండానే ఆ తప్పు మళ్లీ చుట్టి వచ్చి హాలంతా మోగుతుంది. వేళ్లకు అంత పని పెట్టేదాన్ని వాయించడం అనే అంటాను.

ఆ చేతివాటం ఊరికే రాలేదు. ఆయన 1963లో డెట్రాయిట్‌లో పుట్టారు. 80ల్లో అక్కడి రేడియో స్టేషన్లలో ‘ది విజార్డ్’ పేరుతో రికార్డులు మిక్స్ చేసేవారు. ఒక రికార్డు పూర్తిగా మొదలైందో లేదో, ఇంకోటి దాని మీదకొచ్చేది. తర్వాత మైక్ బ్యాంక్స్‌తో కలిసి ‘అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్’ అనే సంగీత బృందం మొదలుపెట్టారు. పెద్ద మ్యూజిక్ కంపెనీలకు తలవంచకూడదన్నది వాళ్ల పట్టుదల. ముఖాలకు గుడ్డలు కట్టుకుని ఫొటోలు దిగేవారు, మనిషిని కాదు, సంగీతాన్ని చూడమని. 90ల మొదట్లో మిల్స్ దాన్నుంచి బయటికొచ్చి, 1992లో ‘యాక్సిస్’ అనే సొంత లేబుల్ (రికార్డుల కంపెనీ) పెట్టుకున్నారు. ఆయన జీవితంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. అడిగేవాడు లేడు కాబట్టి మనసుకు తోచిన ప్రయోగమల్లా చేయగలిగారు. 2000లో ‘మెట్రోపొలిస్’ అనే పాత జర్మన్ మూకీ సినిమాకు కొత్తగా సంగీతం కట్టారు.

ప్రశ్న: మా అబ్బాయి పెడితే విన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఒకటే దెబ్బ. తలనొప్పి రాదా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, కచేరీలో తాళం వేసే చెయ్యి కూడా మారదు కదా. దాని చుట్టూ ఏం జరుగుతోందన్నదే మనం వింటాం. ఇక్కడా అంతే.

మిల్స్ 1994లో తెచ్చిన ‘సైకిల్ 30’ రికార్డు సంగతి చెబుతాను. మామూలు రికార్డు మీద గాడి బయటి నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. ఇందులో ఒక వైపున్న గాడులు అలా పోవు. ఒక్కో గాడి ఒక చుట్టు తిరిగి తన మొదట్లోనే కలుస్తుంది. ముల్లు పెడితే మనం తీసేదాకా అదే ముక్క. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. అందులో నాలుగు దెబ్బలు సరిగ్గా పట్టాలంటే వేగం నిమిషానికి 133 దెబ్బల పైచిలుకు ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అతుకు దగ్గర లయ తడబడుతుంది. అలాంటి ముక్కను కాసేపు వదలకుండా వినండి. మొదట కిక్ ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత దాని వెనక సన్నగా నడిచేవి ఒక్కొక్కటే బయటపడతాయి. వాల్యూమ్ తగ్గించి వినండి, తలనొప్పి రాదు.

ప్రశ్న: డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటున్నాం. మా పిల్లాడికి తబలా క్లాసులతో పాటు ఈ మెషీన్ల పిచ్చి కూడా పట్టింది. ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏం వినిపించాలి?
– ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: మంచి చోటే ఉన్నారు. డెట్రాయిట్‌లో ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద ‘ఎగ్జిబిట్ 3000’ అని టెక్నోకే ఒక చిన్న మ్యూజియం ఉంది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ల బిల్డింగే అది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. 2000లో మొదలైన ఎలక్ట్రానిక్ సంగీత ఉత్సవం ఇప్పుడు ‘మూవ్‌మెంట్’ పేరుతో మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే వారాంతంలో హార్ట్ ప్లాజాలో జరుగుతోంది.

వినడానికైతే, 2005లో ఫ్రాన్స్‌లోని పోన్ దు గార్ అనే పాత రోమన్ వంతెన దగ్గర మోంపెలియే ఆర్కెస్ట్రాతో మిల్స్ చేసిన కచేరీ చాలా పేరున్నది. అయితే నాకు అంతకంటే 2018లో టోనీ అలెన్‌తో చేసిన ‘టుమారో కమ్స్ ద హార్వెస్ట్’ అనే రికార్డు ఇష్టం. అలెన్ నైజీరియా డ్రమ్మర్, వయసులో మిల్స్ కంటే ఇరవై ఏళ్లకు పైనే పెద్ద. ఆయన కొట్టే దెబ్బ ఎప్పుడూ గడికి కాస్త అటూ ఇటూ పడుతుంది. మిల్స్ మెషీన్ దానికి చోటిచ్చి పక్కకు తప్పుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. 2020లో అలెన్ పోయారు. ఆ తర్వాత అదే పేరుతో మిల్స్ కొత్త బృందం కట్టారు. అందులో కీబోర్డు మీద జాన్-ఫీ దారీ, తబలా మీద ప్రభు ఎడ్వార్డ్.

మీ పిల్లాడికి ముందు ఈ తబలా ఉన్న ఆల్బమే పెట్టండి. దాని పేరు ‘ఎవల్యూషన్’, 2023లో వచ్చింది. తర్వాత మిల్స్‌దే ‘ది బెల్స్’ వినిపించండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, సగం కిక్ అందులోనే పోతుంది.