రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాల సంగతి బ్రిటన్‌కి ఎలా తెలిసేది?

అందరూ రాడార్ అనుకుంటారు గానీ అది వస్తున్న విమానాల్ని సముద్రం వైపే చూపించేది, తీరం దాటి లోపలికొచ్చాక అబ్జర్వర్ కోర్ వాళ్ళు కళ్ళతో చూసి ఫోన్ చేసేవాళ్ళు. అసలు సమాచారం వేరే దార్లలో వచ్చేది. 1940 నుంచే లుఫ్ట్‌వాఫె (జర్మన్ వైమానిక దళం) ఎనిగ్మా మెషీన్‌తో పంపే రహస్య మెసేజ్‌లు బ్రిటన్ కోడ్ బ్రేకింగ్ కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో చదివేస్తున్నారు, కూలిన విమానాల మీద ప్లేట్లు, నంబర్లు చూసి ప్రొడక్షన్ లెక్కేసేవాళ్ళు, పట్టుబడ్డ పైలట్ల గదుల్లో మైకులు దాచి కబుర్లు వినేవాళ్ళు (నాకు బాగా నచ్చింది ఇదే, ఎదురుగా అడిగితే నోరు విప్పనోడు పక్కోడికి అన్నీ చెప్పేస్తాడు). విమానాల్లోంచి తీసిన ఫొటోలు సరేసరి, 1943 చివర్లో జర్మన్ల ఆయుధ ప్రయోగ కేంద్రం పీనెముండె ఫొటోలో ర్యాంప్ మీదున్న బుల్లి వీ-1ని (పైలట్ లేకుండా ఎగిరే బాంబు) అలాంటి ఫొటోలు పరిశీలించే బ్రిటిష్ అధికారి కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ పట్టేసింది. ఇంతా చేసి 1940లో జర్మన్ బలాన్ని ఎక్కువగానే లెక్కేశారు, జర్మన్లేమో బ్రిటన్ ఫైటర్లు అయిపోవచ్చాయనుకున్నారు.