పాత బండి: మేస్త్రి జవాబు

ప్రశ్న: మా తాతయ్య 1972లో కొన్న సువేగా మోపెడ్ ఊళ్లో గొడ్లపాకలో పడి ఉంది. ఇంజన్ పట్టేసింది. సి-బుక్ ఇంకా తాతయ్య పేరునే ఉంది, ఆయన పోయారు. అంతా విప్పించి, కొత్త రంగు కొట్టించి రోజూ తిరగాలని నా ఆశ. రంగుకీ క్రోమింగుకీ కలిపి ఒక మెకానిక్ ముప్పై వేలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
– కె.ఆర్., శ్రీకాళహస్తి

జవాబు: ఇవ్వొద్దు. ఆ మెకానిక్‌కి ఓ నమస్కారం పెట్టి బండి ఇంటికి తెచ్చుకోండి. తాత చేతుల్లో అరిగిన రంగు మళ్లీ ఏ షాపులోనూ దొరకదు. మట్టి కడిగి, మెత్తటి గుడ్డతో కాస్త పాలిష్ పెట్టండి చాలు. సేకరించేవాళ్లు కూడా తళతళలాడే బండి కన్నా ఇలాంటిదానికే ముందు చెయ్యి చాస్తారు.

ఇంజన్ సంగతి. సుత్తి దగ్గరికి రానివ్వకండి. ప్లగ్గు విప్పి, డీజిల్‌లో కాస్త ఆయిల్ కలిపి ఆ రంధ్రంలో పోయండి. బండిని వాలుగా ఉంచాలి, లేకపోతే పోసిందంతా సైలెన్సర్ దారి పడుతుంది. ఆవకాయలా ఓ వారం ఊరనివ్వాలి. రోజుకోసారి మాగ్నెట్ చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదపండి. వెంట్రుకంత కదిలినా పిస్టన్ రింగులు వదులుతున్నట్టే. వదిలాక హెడ్డు విప్పి బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి గోడ, చూడండి. గీతలుంటే రీబోరు (ఆ గోడను కాస్త కోసి నున్నగా చేయించడం), ఓవర్‌సైజు పిస్టన్ తప్పవు. బోరు బాగుందని సంబరపడి క్రాంకు షాఫ్టుకి ఉండే ఆయిల్ సీళ్లు (రబ్బరు రింగులు) మార్చకుండా వదిలేస్తారు చాలామంది. గట్టిపడిన సీలు గాలి పీల్చుకుంటుంది, పెట్రోలు-గాలి మిక్చర్ పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. సీళ్ల ఖర్చు ఎంతని!

సువేగా మా తిరుపతి బిడ్డ. ఫ్రాన్సు మోటోబెకాన్ వాళ్ల మోబిలెట్ నమూనాతో మోపెడ్స్ ఇండియా ఇక్కడే తయారుచేసింది. మోబిలెట్ స్పేర్లు ఫ్రాన్సులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కొనేముందు మాత్రం పాత ముక్క కొలత తీసుకోండి. అంతకన్నా ముందు ఒకరోజు చెన్నైలో పాత స్పేర్ల బజారు పుదుపేట సందులన్నీ తిరిగి రండి.

లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్లకి వాడేది) కలపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. గొట్టాలు మార్చండి. బండి పక్కన పెట్టేటప్పుడు పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బరేటర్ ఖాళీ అయి దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి.

కాగితాలు: ముందు తాతగారి మరణ ధృవపత్రంతో, ఫారం 31తో బండి మీ పేరుకి మార్పించుకోండి. 50 ఏళ్లు దాటింది కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అర్హత ఉంది, పాత నంబరు కూడా ఉంచుకోవచ్చు. కానీ ఆ దారిలో వెళితే ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ తిరగడానికి వీల్లేదు. మీకు తిరగాలని ఉంది కదా, మామూలు రిజిస్ట్రేషన్నే రెన్యువల్ చేయించుకోండి.

ప్రశ్న: ‘బాబీ’ సినిమాలో కనిపించిన రాజ్‌దూత్ జీటీఎస్ 175 ఒకటి అమ్మకానికి వచ్చింది. తీసుకోమంటారా?
– ఎస్.వి., నెల్లూరు

జవాబు: జీటీఎస్ 175 అంటున్నారు, ఆ బుల్లి చక్రాల బండేగా? ఇంజన్ గురించి బెంగ వద్దు, మామూలు రాజ్‌దూత్ 175దే. ట్యాంకు, సీటు దొరకడమే గగనం. ముందు అవి అసలువో కావో చూసి, ఛాసిస్ నంబరు సి-బుక్‌తో సరిపోల్చండి. నంబరు దగ్గర గ్రైండింగు మచ్చ కనిపిస్తే బేరం అడక్కుండా తిరిగొచ్చేయండి.