అమ్మమ్మకి ఫోటోల బొంత

అమ్మలూ,

అమ్మమ్మకి ఫోటోలతో బొంత కుట్టి ఇస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచీ నా ధ్యాసంతా దాని మీదే ఉంది. రెండు నెలలు టైముంది, చక్కగా కుట్టగలవు. కానీ నలభై ఫోటోలు పెడతానన్నావే, అది మాత్రం వద్దు. అమ్మకి చూపు తగ్గింది. అగ్గిపెట్టంత ఫోటోలో ఎవరున్నారో పోల్చుకోవడం ఆవిడకి కష్టం. పన్నెండు చాలు. ఒక్కో దాంట్లో ఒకరో ఇద్దరో, మొహాలు పెద్దగా కనబడాలి.

అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు ఫోటోలు, ఒక్కోటీ 7 అంగుళాల చదరం. మధ్యలోనూ చుట్టూతానూ 3 అంగుళాల పట్టీలు వేస్తే బొంత 33 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు వస్తుంది. ఒళ్లో కప్పుకోడానికి సరిగ్గా సరిపోతుంది. ప్రతి అంచునా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి గుడ్డ మీద ప్రింటు చేసిన ఫోటోలు 7½, పట్టీల వెడల్పు 3½కి కత్తిరించు. తలలు అంచుకి ఆనుకోకుండా చూసుకో.

పాత ఫోటోలు ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తిరించకు, స్కాన్ చెయ్యి. అంత సైజులో మసక రాకూడదంటే ఒక్కో వైపు కనీసం 1500 పిక్సెళ్లుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలు నాణ్యత తగ్గిపోయి వస్తాయి. డాక్యుమెంటుగా పంపమని అందరికీ ముందే చెప్పు.

ప్రింటుకి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పెట్టే కాటన్ షీట్లు తీసుకో. వాటికి వెనక కాగితం అంటించి ఉంటుంది, ప్రింటయ్యాక ఊడదీయాలి. పిగ్మెంట్ ఇంకు అయితే నీళ్లకి బాగా తట్టుకుంటుంది. గుడ్డ మీద రంగులు కాస్త డల్‌గా పడతాయి, అందుకని ముందు ఒక్క ఫోటో వేసి చూసి, కావాలంటే వెలుగు పెంచు. ఆరబెట్టడం, కడగడం ఎలాగో ప్యాకెట్ మీద ఉంటుంది. ఆ పని వదిలెయ్యకు.

టీషర్టుల మీద అతికించే ట్రాన్స్‌ఫర్ కాగితం జోలికి మాత్రం వెళ్లకు. ఒకసారి నా స్నేహితురాలి కోసం దాంతోనే కుట్టాను. బొమ్మ ఉన్నచోటల్లా రెయిన్‌కోటులా బిరుసుగా తయారైంది. చివర్లో పైనుంచి ఇస్త్రీ పెట్టేసరికి వాళ్ల నాన్నగారి మొహం కరిగి పెట్టెకి అంటుకుపోయింది. ఆయన ఫోటో వాళ్ల దగ్గర ఇంకోటి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ ఏ ఫోటో గుడ్డనైనా తిరగేసి, ఆవిరి లేకుండానే ఇస్త్రీ చేస్తున్నాను.

ఇక కుట్టడం. ఫోటో గుడ్డలో సూది దిగిన చోట చిల్లు అలాగే ఉండిపోతుంది. విప్పి మళ్లీ కుడదామంటే కుదరదు, గుండుసూదులు కూడా అంచుల్లోనే గుచ్చు. మిషన్‌కి కొత్త సన్న సూది, 75/11 నంబరుది వెయ్యి. పట్టీలకీ అడుగు గుడ్డకీ కాటనే తీసుకుని, ముందే ఒకసారి ఉతికి ఆరేస్తే తర్వాత ముడుచుకుపోదు. అడుగు గుడ్డ నాలుగు వైపులా 3 అంగుళాలు ఎక్కువే ఉంచి, దాని మీద పల్చటి దూది పొర, ఆపైన ఫోటోల గుడ్డ పరిచి, పట్టీల మీద పిన్నీసులు పెట్టు. ఫోటో పక్కనే, పట్టీ మీద కుట్టుకుంటూ పో. మొహాల మీదుగా కుట్టు పోనివ్వకు. ఇందుకోసమే దూది కొనేటప్పుడు ప్యాకెట్ చూడు: కుట్టుకీ కుట్టుకీ మధ్య కనీసం 8 అంగుళాల దూరం ఉండొచ్చని రాసి ఉన్నదే తీసుకో.

ఒక్క చదరం నాన్న కోసం ఉంచుతావా? ఫోటో కాదు, చేతిరాత. ఆయన అమ్మకి రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గర ఉంది, పైన అమ్మ పేరు ఎంతో పొందిగ్గా రాశారు. ఆ నాలుగు లైన్లూ రేపు స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపిస్తాను.

పెద్దమ్మ